180 గజాల ప్లాట్, 20 అడుగుల రోడ్డు: ఇంటి పర్మిషన్‌కి ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కరీంనగర్ పక్కన ఊరు. 2012లో పంచాయతీ వెంచర్‌లో 180 గజాల ప్లాట్ కొన్నాం, 36 బై 45, తూర్పు ముఖం, ముందు 20 అడుగుల రోడ్డు. నా పేరు, మా ఆయన పేరు ఇద్దరిదీ ఉంది, ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. అప్రూవల్ లేని ప్లాట్లని సక్రమం చేసే ఎల్‌ఆర్‌ఎస్ స్కీమ్‌కి 2020లో వెయ్యి రూపాయలు కట్టాం, తర్వాత పట్టించుకోలేదు. ఇప్పుడు మా ఊరు కార్పొరేషన్‌లో కలిసింది. కింద మాకు, పైన అద్దెకి, ఆ పైన చిన్న పెంట్‌హౌస్ వేద్దామని అనుకుంటున్నాం. మేస్త్రి ఏమో పర్మిషన్ ఎందుకమ్మా, కట్టినాక ఇంటి నంబర్ తెచ్చుకోవచ్చు అంటున్నాడు. మా చుట్టాలు ఒక్క రూపాయితోనే పర్మిషన్ వచ్చింది అంటున్నారు. ప్లాన్లు గీసే షాపులో ఒకాయన 80 వేలు ఇస్తే అంతా నేనే చూసుకుంటా, ఒక్క రోజులో కాగితం తెచ్చిస్తా అంటున్నాడు. శ్రావణంలో ముహూర్తం పెట్టించాం. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: చెల్లెమ్మా, ముగ్గురూ చెప్పినదాంట్లో కొంత కొంత నిజం ఉంది, కానీ ఎవరి మాటా మీ ప్లాట్‌కి సరిపోదు. నేను చెప్పాలనుకున్న అసలు విషయం ముందే చెప్పేస్తా. తెలంగాణలో ఇప్పుడు ఇంటి పర్మిషన్ తీసుకోవడం చాలా తేలికైంది, ఆన్‌లైన్‌లో వివరాలు నింపి ఫీజు కడితే కాగితం వచ్చేస్తుంది. అయితే అది ఆఫీసర్ ముందే వచ్చి చూసి ఇచ్చిన కాగితం కాదు. మా స్థలం ఇదీ, మేం ఇంత వదిలి ఇంతే కడతాం, మేం చెప్పిందంతా నిజం అని మీరు సంతకం పెట్టి హామీ ఇస్తే, ఆ హామీ మీద ఇచ్చిన కాగితం. దీన్నే సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటారు. అంటే ఇదివరకు ఆఫీసులో జరిగే చెకింగ్ అంతా ఇప్పుడు మీ నెత్తిన పడింది. కాబట్టి ఆ వివరాలు నింపకముందే మీ కాగితాలు, మీ నేల, మీ ప్లాన్ మూడూ ఒకదానికొకటి సరిపోయాయో లేదో మీరే చూసుకోవాలి, షాపాయన మీద వదిలేసే పని కాదు ఇది.

ముందు ఆ ఒక్క రూపాయి సంగతి. ఇంటి పర్మిషన్ల కోసం టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చింది, ఇప్పుడు దరఖాస్తు చేసే పోర్టల్ పేరు బిల్డ్‌నౌ. ఆ చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాట్‌లో 7 మీటర్ల ఎత్తు లోపు, అంటే గ్రౌండ్ ఇంకా దాని మీద ఒక ఫ్లోర్ కట్టుకునేవాళ్లకి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. మీ చుట్టాలది అలాంటి చిన్న ప్లాట్ అయి ఉంటుంది. మీది 180 గజాలు, అంటే సుమారు 150 చదరపు మీటర్లు. 75 గజాలు దాటి 500 చదరపు మీటర్ల వరకు, ఎత్తు 10 మీటర్ల లోపు ఉంటే ఇన్‌స్టంట్ అప్రూవల్ అంటారు, మీరు అందులోకి వస్తారు. ఆపైన ఉన్నవాటికి సింగిల్ విండో, దానికి 21 రోజుల గడువు, మీకు అది అవసరం లేదు.

షాపాయన ఒక్క రోజులో తెస్తా అన్నాడు కదా, అది నిజమే, ఇన్‌స్టంట్ అప్రూవల్ అంటే అర్థమే అది. కానీ ఆయన చెప్పని సగం ఏంటంటే, కాగితం వచ్చిన తర్వాత 21 రోజుల్లో టీమ్ వచ్చి మీరు చెప్పినవి నిజమో కాదో చూస్తుంది, ఏదైనా తప్పు కనిపిస్తే ఇచ్చిన పర్మిషన్ వెనక్కి తీసుకునే అధికారం వాళ్లకి ఉంది. తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే ప్రాపర్టీ విలువలో 25 శాతం దాకా జరిమానా, కట్టింది కూల్చడం కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. నోటీసు లేకుండానే కూల్చొచ్చని అందులో రాశారు గానీ, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఎవరి ఇల్లైనా కూల్చేముందు 15 రోజుల నోటీసు ఇచ్చి వాళ్ల మాట వినాలని గట్టిగా చెప్పింది, రోడ్డు మీద, చెరువులో కట్టినవాటికి మాత్రం ఆ రక్షణ లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి రాయట్లేదు, ఆ సంతకం షాపాయనది కాదు మీది అని తెలియడానికి రాస్తున్నా.

ఇప్పుడు మీ ప్లాట్ దగ్గరికి వద్దాం. మొదటి అడ్డంకి ఎల్‌ఆర్‌ఎస్. అప్పట్లో పంచాయతీ వెంచర్లు చాలావరకు పైనుంచి లేఅవుట్ అప్రూవల్ లేకుండా, పంచాయతీ ముద్ర ఒకటి వేయించి అమ్మేసినవే. అలాంటి ప్లాట్‌లో ఇల్లు కట్టాలంటే ముందు ప్లాట్ రెగ్యులరైజ్ కావాలి, ఆ తర్వాతే ఇంటి ప్లాన్. మీరు 2020లో కట్టిన వెయ్యి రూపాయలు దరఖాస్తు ఫీజు మాత్రమే, దాంతో ప్లాట్ రెగ్యులరైజ్ అయిపోయినట్టు కాదు. చాలామంది ఆ రసీదు చూపించి మాకు ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది అనుకుంటారు, అసలు కావాల్సింది ప్లాట్ రెగ్యులరైజ్ చేశామని ఆఫీసు ఇచ్చే ప్రొసీడింగ్స్ కాగితం. అయినా మీరు అప్పుడు దరఖాస్తు పెట్టి ఉంచడం చాలా మంచి పని అయింది, ఆ స్కీమ్ 2020 ఆగస్టు 26కి ముందు రిజిస్టర్ అయిన ప్లాట్లకే, మీది 2012 కాబట్టి దానికి లోబడే ఉన్నారు.

ఆ దరఖాస్తు నంబర్ వెతకండి, రసీదు దొరక్కపోతే అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబర్‌తో కార్పొరేషన్ ఆఫీసులో అడిగితే తీసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో స్టేటస్ చూస్తే ఫీజు ఎంతో వేసి ఉంటుంది, లేదంటే ఫలానా డాక్యుమెంట్ తక్కువైంది అని షార్ట్‌ఫాల్ పెట్టి ఉంటారు. ఛార్జీ లెక్క రెండు భాగాలు. మీ సైజు ప్లాట్‌కి చదరపు మీటర్‌కి 400 చొప్పున బేసిక్ ఛార్జీ, అంటే 60 వేల పైచిలుకు, అందులో భూమి విలువను బట్టి కొంత శాతమే కట్టాలి, విలువ తక్కువున్న చోట శాతం కూడా తక్కువ. రెండోది వెంచర్‌లో పార్కుకి జాగా వదల్లేదు కాబట్టి ప్లాట్ విలువలో 14 శాతం. ఈ విలువ మీరు రిజిస్ట్రేషన్ చేయించుకున్న నాటి విలువగా తీసుకోవాలి, ఇవాళ్టి రేటు వేశారా అన్నది ఒకసారి చూసుకోండి, తేడా వేలల్లో కాదు లక్షల్లో ఉండొచ్చు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి గడువు కూడా పొడిగించారు, ఆ టైంలో కట్టినవాళ్లకి కలిసొచ్చింది, మీకు ఇప్పుడు ఎంత పడుతుందో, రాయితీ ఏమైనా నడుస్తుందో ఆఫీసులో నేరుగా అడగండి.

ఎల్‌ఆర్‌ఎస్ పనిలో ఉండగానే మిగతా కాగితాలు కూడా సర్దుకోండి. సేల్ డీడ్, దానికి ముందున్న లింక్ డాక్యుమెంట్లు, 2012 ముందు నుంచి ఇవాళ్టి దాకా ఈసీ (ఆ జాగా ఎవరి నుంచి ఎవరికి మారిందో, అప్పులున్నాయో చూపే కాగితం), ఖాళీ జాగా పన్ను రసీదు. ఈసీ ఒక్కటి చాలు అనుకోకండి, మీ సర్వే నంబర్ నిషేధిత జాబితాలో, అంటే 22ఏ లో ఉందేమో కూడా చూడాలి, ఎందుకంటే ఒక్కోసారి ఒకే సర్వే నంబర్‌లో కొంత పట్టా భూమి, కొంత అసైన్డ్ భూమి ఉంటాయి, ఎవరో పైకి ఫిర్యాదు పెడితే నంబర్ మొత్తాన్నీ ఆ జాబితాలో పెట్టేస్తారు. నాలా కన్వర్షన్, అంటే సాగు భూమిని ఇళ్ల జాగాగా మార్చడం అయిందా, మాస్టర్ ప్లాన్‌లో మీ జాగా రెసిడెన్షియల్ జోన్‌లో ఉందా, మీ వెంచర్ మధ్య నుంచి పెద్ద రోడ్డు ఏమైనా గీసి ఉందా, ఇవి కూడా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి. వెంచర్ పక్కన చెరువు గానీ కాలువ గానీ ఉంటే దాని నుంచి ఎంత దూరం వదలాలో కూడా అక్కడే అడగండి.

తర్వాత టేపు పట్టుకుని ప్లాట్‌కి వెళ్లండి. ఇది చాలామంది చేయరు, చేసుంటే సగం గొడవలు తప్పేవి. కాగితం మీద 36 బై 45 ఉన్నా నేల మీద పక్కాయన ప్రహరీ ఒక అడుగు మీ వైపు జరిగి ఉండొచ్చు, వెంచర్ వేసినప్పటి హద్దు రాళ్లు ఇప్పటికి చాలా చోట్ల ఉండవు. కాగితంలో ఒకటి, నేల మీద ఒకటి ఉంటే ఆఫీసులో రెండిట్లో తక్కువున్నదే లెక్కలోకి తీసుకుంటారు. నాలుగు వైపులా, కుదిరితే మూల నుంచి మూలకి కూడా కొలిచి, పక్క ప్లాట్లవాళ్లని పిలిచి వాళ్ల ముందే హద్దులు వేయించండి, ఇల్లు లేచాక వాళ్లతో మాట్లాడటం కంటే ఇప్పుడు మాట్లాడటం వందరెట్లు నయం.

ఇక అసలు లెక్క, దయచేసి దీన్ని మీ ఆయనకి కూడా పంపండి. మీ ముందు రోడ్డు 20 అడుగులు. రోడ్డు 30 అడుగులకంటే తక్కువున్నప్పుడు, రేపు అది 30 అడుగులు కావాలి కాబట్టి, రోడ్డు మధ్యగీత నుంచి 4.5 మీటర్లు అంటే దగ్గరదగ్గర 14 అడుగుల 9 అంగుళాలు వదిలి ఆ తర్వాత నుంచే మీ ప్లాట్ మొదలైనట్టు చూస్తారు. ఇప్పుడు మీ వైపు రోడ్డు 10 అడుగులే ఉంది, కాబట్టి మీ 45 అడుగుల పొడవులో ముందు వైపు 4 అడుగుల 9 అంగుళాలు రోడ్డుకి పోతాయి. అక్కడ ప్రహరీ కూడా రాకూడదు, ర్యాంపు రాకూడదు. మిగిలింది 40 అడుగుల 3 అంగుళాలు.

దాని మీద సెట్‌బ్యాక్‌లు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ఇప్పటికీ మనకి ఆధారం, తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి. దాని ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాట్‌కి ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటర్ చొప్పున ఖాళీ వదలాలి. రోడ్డుకి పోగా మీకు మిగిలేది దాదాపు 134 చదరపు మీటర్లు, కాబట్టి అప్పుడూ ఇదే లెక్క వర్తిస్తుంది. ముందు 5 అడుగులు, వెనక 3 అడుగుల 3 అంగుళాలు తీస్తే పొడవు 32 అడుగులు, అటూ ఇటూ 3 అడుగుల మూడున్నర అంగుళాలు తీస్తే వెడల్పు 29 అడుగుల 5 అంగుళాలు. అంటే ఒక ఫ్లోర్‌కి మీకు వచ్చేది గోడలతో కలిపి దాదాపు 940 చదరపు అడుగులు. మీ మేస్త్రి చెప్పే ప్లాన్ ఎంతో మీరు రాయలేదు గానీ, 36 బై 45 ప్లాట్ అనగానే చాలామంది మేస్త్రులు నాలుగు వైపులా ఒక్కో అడుగు వదిలి, 34 బై 43 ఇల్లు అని ముగ్గు పోసేస్తారు, అది 1460 అడుగుల పైనే. ఈ తేడా 500 అడుగుల పైన ఉంది చూడండి, అంటే ఒక్కో ఫ్లోర్‌లో రెండు గదుల జాగా. ఇంత కోత పడుతుంది అని తెలిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది, నాకు తెలుసు, కానీ ఇది ఇప్పుడు కాగితం మీద తెలిస్తే గదుల సైజు మార్చుకుంటే సరిపోతుంది, స్లాబ్ పడ్డాక తెలిస్తే మార్చుకోవడానికి ఏమీ ఉండదు.

వాస్తు గురించి అడగలేదు గానీ తప్పకుండా వస్తుంది కాబట్టి చెప్తున్నా. పెద్దవాళ్లు తూర్పు, ఉత్తరం ఎక్కువ వదలాలి, పడమర, దక్షిణం తక్కువ వదలాలి అంటారు, ఆ మాట మీద కొందరు దక్షిణం వైపు అరడుగు వదిలేసి గోడ లేపేస్తారు. అలా వద్దు. 1 మీటర్ అనేది కనీసం, ఎక్కువ వదిలితే ఎవరూ కాదనరు. దక్షిణం, పడమర సరిగ్గా మీటర్ పెట్టుకుని, ఉత్తరం నాలుగు అడుగులు పెట్టుకోండి, తూర్పున ఎలాగూ రోడ్డు జాగాతో కలిపి దాదాపు 10 అడుగులు ఖాళీ వస్తుంది. శాస్త్రానికీ సరిపోయింది, జీవోకీ సరిపోయింది.

బయట మెట్లు అస్సలు వద్దు. పైన అద్దెకి ఇస్తాం కదా, మెట్లు బయట నుంచి పెట్టేద్దాం అని సైడ్ సందులో ఇనుప మెట్లో సిమెంట్ మెట్లో వేసి, కింద ఒక బాత్‌రూమ్ కట్టేస్తారు, ఆ సందు పూర్తిగా మూసుకుపోతుంది. మెట్లు ఆ 940 లోపలే తీయండి, అద్దెవాళ్లకి గేటు వైపు నుంచి విడిగా దారి వచ్చేలా ఇంజినీర్‌ని గీయమనండి, కాస్త ఆలోచించి గీస్తే కుదురుతుంది. సంపు, సెప్టిక్ ట్యాంక్, ఇంకుడు గుంత లాంటివి నేల కింద ఉండేవి కాబట్టి సందులో పెట్టుకోవచ్చు. నీళ్లు, చెట్ల రక్షణకి పెట్టిన వాల్టా చట్టంలో ఇంకుడు గుంత తప్పనిసరి అన్నది 200 చదరపు మీటర్లు, ఆపైన ఉన్నవాటికే, కానీ మీకు ఆ నిబంధన లేకపోయినా తీయించండి, మన దగ్గర ఎండాకాలం బోర్ల పరిస్థితి మీకే తెలుసు.

పెంట్‌హౌస్ గురించి. నిబంధనల్లో పెంట్‌హౌస్ అని విడిగా ఏమీ లేదు, పైన గది, కిచెన్, బాత్‌రూమ్ వేస్తే అది ఇంకో ఫ్లోర్ కిందే లెక్క, అందరూ దాన్ని ప్లాన్‌లో చూపించకుండా తర్వాత వేస్తారు, అదే పెద్ద తలనొప్పి అవుతుంది. మెట్ల గది, వాటర్ ట్యాంక్ మాత్రం వేరు, అవి ఎత్తులో లెక్కపెట్టరు. మీరు కింద, పైన రెండు ఫ్లోర్లతో ఆగిపోతే 7 మీటర్ల లోపు ఉండొచ్చు, మూడోది కూడా కావాలంటే 10 మీటర్ల లోపు ఉండేలా ముందే ప్లాన్‌లో చూపించి తీసుకోండి. రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 200 చదరపు మీటర్ల లోపు ప్లాట్, 7 మీటర్ల లోపు ఎత్తు అయితే మార్ట్‌గేజ్, అంటే తనఖా గొడవ లేదు. అది దాటితే కట్టే ఏరియాలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయాలి, ప్లాన్ ప్రకారం కట్టారని తేలాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి దాన్ని విడిపిస్తారు. దీని వల్ల నష్టం ఏమీ లేదు గానీ ఒక పని, ఒక ఖర్చు పెరుగుతుంది.

7 మీటర్లు అంటే దాదాపు 23 అడుగులు. బేస్‌మెంట్ 3 అడుగులు లేపి, రెండు ఫ్లోర్లు పదేసి అడుగులు వేస్తే అక్కడికి సరిగ్గా 23, గీత మీద నిలబడ్డట్టు. మేస్త్రి కొంచెం హైట్ ఉంటే గాలి బాగా వస్తుందమ్మా అని అరడుగు పెంచాడంటే దాటేస్తారు. అందుకని డ్రాయింగ్‌లో ఫ్లోర్ హైట్ రాయించి, సెంట్రింగ్ కొట్టేటప్పుడు మీరే దగ్గరుండి కొలిపించండి. నా సలహా అడిగితే, చేతిలో డబ్బు సరిపోకపోయినా సరే మూడు ఫ్లోర్లకి పర్మిషన్ తీసుకోండి, మీ ఆయన వచ్చాక ఎలాగూ పైన వేస్తారు, పునాది, పిల్లర్లు కూడా దానికి తగ్గట్టు డిజైన్ అవుతాయి. కాగితం మీద వేసిన గడువు తేదీ మాత్రం చూసుకోండి, ఎప్పట్లోగా మొదలుపెట్టాలో, ఎప్పటికి పూర్తి చేయాలో పర్మిషన్ లెటర్‌లోనే ఉంటుంది.

మీ ఆయన సంతకం ఒకటి మిగిలింది. ప్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి హామీ పత్రం మీద ఇద్దరి సంతకం కావాలి. ఆయన సెలవు మీద వచ్చే దాకా ఆగొచ్చు, లేకపోతే దుబాయ్‌లో ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి మీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ పంపించవచ్చు. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలి, చేయించకపోతే ఆ కాగితం బ్యాంకులోనూ చెల్లదు, ఆఫీసులోనూ చెల్లదు. అందులో ఇల్లు కట్టడానికి, పర్మిషన్‌కి, హోమ్ లోన్‌కి, కరెంట్, నీళ్ల కనెక్షన్‌కి, మార్ట్‌గేజ్‌కి అని పనులు ఒక్కొక్కటి పేరుపెట్టి రాయించండి. అమ్మే అధికారం అవసరం లేదు, అనవసరమైన అధికారం రాయించుకుంటే రేపు ఇంట్లోనే మాటలు వస్తాయి. మీ ఇద్దరికి కాకుండా బావమరిదికో, తమ్ముడికో పవర్ ఇద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

80 వేల ప్యాకేజీ మనిషి సంగతి చూద్దాం. డ్రాయింగ్ గీసే లైసెన్స్డ్ ఇంజినీర్ ఫీజు తీసుకోవడం తప్పు కాదు, వాళ్ల పని అదే, మంచి ఇంజినీర్ దొరికితే ఆ డబ్బు దండగ కాదు. కానీ ఆ 80 వేలల్లో గవర్నమెంట్ ఫీజు ఎంత, ఆయన ఫీజు ఎంత విడగొట్టి రాసివ్వమనండి. గవర్నమెంట్ వైపు పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్, బెటర్‌మెంట్ ఛార్జీలు, లేబర్ సెస్ అన్నీ విడివిడిగా స్క్రీన్ మీద కనిపిస్తాయి, ఆన్‌లైన్‌లో కట్టాక రసీదు వస్తుంది. లేబర్ సెస్ అంటే కట్టడం ఖర్చులో 1 శాతం, సొంత ఇల్లైతే కొంత ఖర్చు దాకా ఉండదు, ఆ పరిమితి ఇప్పుడు ఎంతో, మీది అందులోకి వస్తుందో లేదో ఆఫీసులో అడగండి. అన్నిటికంటే ముఖ్యం, అప్లికేషన్‌లో మీ ఫోన్ నంబరే పెట్టించండి. చాలా షాపుల్లో వాళ్ల నంబర్ పెట్టేసుకుంటారు, అప్పుడు ఆఫీసు నుంచి వచ్చే షార్ట్‌ఫాల్ మెసేజ్‌లు, నోటీసులు వాళ్లకి పోతాయి, మీకు తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. సబ్మిట్ కొట్టేముందు రోడ్డు వెడల్పు, ప్లాట్ కొలత, సెట్‌బ్యాక్‌లు, ఎత్తు ఏం నింపారో పక్కన కూర్చుని ఒక్కొక్కటి చదవండి. రోడ్డు 20 అడుగులు ఉంటే 30 అని నింపేద్దాం, ఎవరు చూస్తారు అన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

మేస్త్రి చెప్పిన ఇంటి నంబర్ దారి గురించి కూడా వినండి. నిజమే, పర్మిషన్ లేకుండా కట్టిన ఇళ్లకి కూడా పన్ను వేస్తారు, నంబర్ ఇస్తారు, పెనాల్టీతో సహా వేస్తారు. కానీ పన్ను కట్టినంత మాత్రాన ఆ ఇల్లు సక్రమం అయిపోదు. తర్వాత ఎప్పుడో గవర్నమెంట్ బీఆర్‌ఎస్, అంటే అక్రమంగా కట్టిన ఇళ్లని సక్రమం చేసే స్కీమ్ పెడుతుంది, అప్పుడు కట్టేస్తాం అని కొందరు ధైర్యంగా ఉంటారు. 2015లో పెట్టిన బీఆర్‌ఎస్ ఆ ఏడాది అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే, అది కూడా కోర్టులో పడి ఏళ్ల తరబడి ఆగిపోయింది. రాని స్కీమ్‌ని నమ్మి 40 లక్షలు పోసి ఇల్లు కట్టడం న్యాయమా చెప్పండి. పైగా 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే బ్యాంకులు ఇంటి మీద లోన్ ఇవ్వాలి, కరెంట్, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలి అని చెప్పింది, కట్టే చోట అప్రూవ్డ్ ప్లాన్ అందరికీ కనబడేలా పెట్టాలని కూడా చెప్పింది. రోజులు గడిచేకొద్దీ ఇది గట్టిపడుతుందే గానీ సడలదు. మీరు అద్దెకి ఇద్దామనుకుంటున్నారు, రేపు పిల్లల చదువుకి ఆ ఇంటి మీదే లోన్ అడుగుతారు, అప్పుడు మేస్త్రి వచ్చి బ్యాంకువాళ్లకి సమాధానం చెప్పడు. అందుకని కట్టడం అయిపోగానే రంగులు వేయించేలోపే ఓసీకి, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి, అది కూడా ఆన్‌లైనే.

ఇక ముహూర్తం. శ్రావణంలో పెట్టించారు కాబట్టి దాన్ని మార్చక్కర్లేదు, భూమి పూజ చేసుకోండి, కొబ్బరికాయ కొట్టి ఈశాన్యంలో ఒక గడ్డపార పోటు వేసి శంకుస్థాపన చేసుకోండి, దానికి ఏ పర్మిషన్ అక్కర్లేదు. కానీ ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ రాకముందు ఇంటి అప్లికేషన్ పెట్టకండి, షాపాయన పెట్టేద్దాం అన్నా ఆపండి. పర్మిషన్ కాగితం వచ్చాక కూడా పిల్లర్ గుంతలు వెంటనే తీయించకుండా, వెరిఫికేషన్ టీమ్ వచ్చి చూసేదాకా, లేదా ఆ 21 రోజులు గడిచేదాకా ఆగండి, ఆ లోపు ఇటుక, ఇసుక, స్టీల్ రేట్లు మాట్లాడుకోవచ్చు, టెంపరరీ కరెంట్ మీటర్‌కి అప్లై చేసుకోవచ్చు. గుంతలు తీసే రోజు మేస్త్రికి అప్రూవ్డ్ ప్లాన్ జిరాక్స్ చేతికిచ్చి, రోడ్డు మధ్యగీత నుంచి టేపు పట్టించి ముగ్గు పోయించండి. మీ ఆయన వీడియో కాల్‌లో ఉండి చూస్తే ఇంకా మంచిది. ఎల్‌ఆర్‌ఎస్ స్టేటస్‌లో షార్ట్‌ఫాల్ ఏమని వచ్చిందో మళ్లీ రాయండి, ఏ కాగితం పెట్టాలో చూసి చెప్తాను.